గుండీ ఎడమచెయ్యి

పదకొండో భాగం

“ఈ బొమ్మ నువ్వు గీసింది కాదు బావా. మా అక్క గీసింది.”

పోయిన వారం మరదలు ఈ మాట అన్న చోట ఆగాం. మేం ఆగాం గానీ మాట పోలేదు. స్టూడియో గదిలో అలాగే నిలబడి ఉంది. గదిలో ముగ్గురం. నేను, మరదలు, కుర్ర డైరెక్టరు. గోడ మీద గుండీ.

గుండీ అంటే ఎవరో ఈ వారమే కథలోకి వచ్చినవాళ్లకి చెప్పాలి. తొమ్మిదేళ్ల పిల్ల. నా బొమ్మ. పిల్లల కార్టూన్ సీరియల్ కోసం పుట్టింది. చిరిగినవన్నీ కుట్టడం దాని పని. చిరిగిన మబ్బు, చిరిగిన నీడ, ఇద్దరు స్నేహితుల మధ్య తెగిన మాట, ఏదైనా కుడుతుంది. తనంత పొడవున్న సూదిని ఎడమచేత్తో పట్టుకుంటుంది. కుడిచెయ్యి కనబడదు. ఆ వైపు చొక్కా చెయ్యి వేళ్లు దాటి పొడుగ్గా వేలాడుతుంది. దాని చివర మూసేసి ఉంటుంది. మూసిన చోట పెద్ద నల్ల గుండీ. ఆ గుండీ వల్లే దానికి ఆ పేరు. ఆ చేతిలో ఏముందని ఛానల్ వాళ్లు అడిగారు. చివరి ఎపిసోడ్‌లో చెబుతామన్నాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. నిజానికి ఏముందో నాకూ తెలియదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు వేరేవాళ్ల బొమ్మలు గీశాను. వాళ్ల కోతికి గంతులు నేర్పాను. వాళ్ల ఎలుకకి నడక నేర్పాను. తెర మీద నా పేరు అడుగున ఎక్కడో, జనం లేచి వెళ్లిపోయాక పడేది. గుండీ ఒక్కటే నాది. ‘పాత్ర సృష్టి’ అని తెర నిండా నా పేరొక్కటే పడబోతోంది. దానికి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ‘ఈ పాత్ర పూర్తిగా నా సొంత ఊహ. ఇంకెవరి బొమ్మ నుంచీ తీసుకున్నది కాదు.’ నాలుగింటికి ఛానల్ మనిషి వచ్చి ఆ కాగితం పట్టుకుపోతాడు. సంతకం లేకపోతే టీవీలో మా టైము ఇంకో స్టూడియోకి పోతుంది. స్టూడియోలో పదకొండు మంది గుండీనే నమ్ముకుని కూర్చున్నారు.

గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

“మీ అక్కా?” అన్నాను. “మీ అక్క సున్నా చుడితే కోడిగుడ్డయ్యేది.”

“అది నువ్వన్న మాట. అక్క ఏం గీసిందో నువ్వెప్పుడు చూశావు? మనిషినే చూడలేదు, మనిషి గీసింది చూస్తావా?”

మరదలు దర్జీ. కొలత టేపు మెడలో వేసుకునే తిరుగుతుంది, కోపంలో దాని చివర వేలికి చుట్టుకుంటుంది. ఇప్పుడు చుట్టుకుంటోంది. నా భార్య పోయి రెండేళ్లయింది. ఆ రోజు నుంచి మరదలు నాతో మాట్లాడలేదు. నా కూతురు కూడా. తల్లి పోయిన పదోరోజే పిల్ల పెట్టె సర్దుకుని పిన్ని ఇంటికి వెళ్లిపోయింది. నేను ఆపలేదు.

ఇప్పుడు మరదల్ని పిలిపించింది నేను కాదు. డైరెక్టరు. సీరియల్ మొదలయ్యే రోజున ఒక మనిషికి గుండీ వేషం వేసి వేదిక మీద నిలబెట్టాలని వాడి ఆలోచన. వేషం కుట్టే దర్జీ కావాలన్నాడు. మాస్టారి బంధువే ఉందటగా అని ఎవరో చెప్పారు. స్టూడియోలో నన్ను మాస్టారనే అంటారు. నన్ను అడక్కుండా బొమ్మ పంపించేశాడు.

“అమ్మా, కాస్త కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?” అన్నాడు డైరెక్టరు.

“నీళ్లు తాగడానికి రాలేదు బాబూ. ఒక ప్రశ్న అడగడానికొచ్చాను. ఈ చొక్కా ఆడపిల్లకా, మగపిల్లాడికా?”

“ఆడపిల్లకే కదండీ. గుండీ ఆడపిల్లేగా.”

“మరి గుండీలు ఇటెందుకున్నాయి?”

డైరెక్టరు గోడ వైపు చూశాడు. నేనూ చూశాను. చొక్కా ముందు వరసగా అయిదు చిన్న గుండీలు. ఏడాది నుంచి రోజూ చూస్తున్నవే.

“ఎటున్నాయి?” అన్నాడు వాడు.

“ఆ పిల్లకి కుడివైపు. కుడివైపు కుట్టేది మగవాళ్లకి. ఆడవాళ్ల చొక్కాకి ఎడమవైపు కుడతాం. మీరు చొక్కాలు తొడుక్కోవడమే గానీ ఎప్పుడూ చూడరా?”

డైరెక్టరు తన చొక్కా వంక చూసుకున్నాడు. కుడివైపే ఉన్నాయి.

“అది మాస్టారి స్పెషల్ అనుకున్నామండీ,” అన్నాడు. “ఎడమచేతి వాటం లాగా. ఛానల్ వాళ్లకి ఆ ఎడమచెయ్యే నచ్చింది. ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదన్నారు.”

“నీ స్పెషలా బావా?”

చొక్కా గుండీల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. గీత ఎటు వస్తే అటు వేశాను.

మరదలు సంచిలోంచి కాగితం తీసింది. స్టూడియో పంపిన గుండీ బొమ్మే. నిండా గుండుసూది కన్నాలు, సుద్ద మరకలు. కిటికీ దగ్గరికి వెళ్లి కాగితాన్ని తిరగేసి అద్దానికి ఆనించింది. బయటి వెలుగు కాగితంలోంచి లోపలికి వచ్చింది. గుండీ అటు తిరిగింది. చొక్కా గుండీలు ఎడమవైపుకి వెళ్లాయి. సూది కుడిచేతిలోకి వెళ్లింది. మూసిన చొక్కా చెయ్యి ఎడమవైపుకి వచ్చింది.

“నేను చూసిన బొమ్మ ఇలా ఉంది,” అంది మరదలు. “మూడేళ్ల కిందట. ఆస్పత్రిలో, అక్క దిండు కింద. దుప్పటి మారుస్తుంటే బయటపడింది. ఏంటక్కా ఇది అంటే నవ్వి మళ్లీ దిండు కింద పెట్టేసుకుంది. మూడు కన్నాలున్న కాగితం. మీ స్టూడియో కాగితమే.”

“మాస్టారూ?” అన్నాడు డైరెక్టరు.

వాడి గొంతులో మొట్టమొదటి అనుమానం విన్నాను. నా పక్కన నాలుగేళ్లు పనిచేశాడు. నేను తిడితే నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

“నేను దొంగని కాను,” అన్నాను.

“మిమ్మల్నెవరన్నారు మాస్టారూ?”

“నేనన్నాను,” అంది మరదలు.

ఆ బొమ్మ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. గుర్తుందనే అనుకుంటున్నాను. ఈ మధ్యాహ్నం నుంచి దేన్నీ గట్టిగా చెప్పలేకపోతున్నాను. భార్య పోయాక ఆరు నెలలు పెన్సిలు పట్టుకోలేదు. ఏడో నెలలో ఒక ఉదయం ఆమె కుట్టుమిషను సొరుగు తెరిచాను. కత్తెర కోసం. లోపల నా కాగితాల కట్ట ఉంది. నేను కాగితం రెండు వైపులా వాడతాను. పలక మీద చదువుకున్నవాణ్ణి. ఒక వైపు తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడం నా వల్ల కాదు. మా ఇంట్లో కట్టలన్నింటికీ ఒకటే పద్ధతి. వాడిన వైపు కిందకి, తెల్ల వైపు పైకి. కింది వైపు తిప్పి చూడను. పాత గీత చూస్తే చెయ్యి మళ్లీ అటే పోతుంది.

కట్టలో పై కాగితం తీసుకున్నాను. గాజుబల్ల మీద పెట్టి కింద లైటు వేశాను. కాగితంలోంచి సన్నగా గీతలు కనబడ్డాయి. ఎప్పుడో నేను గీసి మరిచిపోయిన రఫ్ అనుకున్నాను. అనుమానం ఎందుకొస్తుంది? కాగితం నాది, కట్ట నాది. నీడ కోసం వేసిన సన్నగీతలు కూడా నా చేతి వాలులోనే ఉన్నాయి. వాటి మీద పెన్సిలు పెట్టాను. పిల్ల లేచి వచ్చింది.

‘బొమ్మ దానంతట అదే వచ్చిందండీ’ అని ఛానల్ వాళ్ల ముందు గొప్పగా చెప్పాను. వాళ్లు ఆ మాట రాసుకున్నారు.

“ఒరిజినల్ ఎక్కడుంది మాస్టారూ?”

“ఇక్కడే, నా బల్ల సొరుగులో.”

“దాని వెనక వైపు ఎప్పుడైనా చూశారా?”

“చూడను.”

“ఒక్కసారి చూద్దామా?”

“ఎందుకు?”

“భయమా బావా?” అంది మరదలు.

ఆ ప్రశ్న ఇంకెవరైనా అడిగి ఉంటే గదిలోంచి వెళ్లిపోయేవాణ్ణి. తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. సొరుగు తెరిచాను. నా గుండీ, మొదటి గుండీ, పెన్సిలు గీత, కాగితం మధ్యలో ఉంది. పైన నా సంతకం, తేదీ. కాగితం తీసి బల్ల మీద పెట్టాను. తిప్పడానికి చెయ్యి రాలేదు. మరదలే తిప్పింది.

వెనక గుండీ ఉంది.

నాదాని కంటే చిన్నది, బక్కది. పాదాలు కుదర్లేదు. చెవులు లేవు. కానీ అదే పిల్ల. సూది కుడిచేతిలో. అయిదు గుండీలు ఎడమవైపు. ఎడమవైపు చొక్కా చెయ్యి పొడుగ్గా, చివర మూసేసి, నల్ల గుండీతో. నేను కొత్తగా కలిపింది ఏమైనా ఉందా అని వెతికాను. చెవులు కలిపాను. పాదాలు సరిచేశాను. అంతే.

“అక్కా!” అంది మరదలు. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కొలత టేపు జారి కిందపడింది.

డైరెక్టరు కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“మాస్టారూ, ఒక మాట. ఇది మేడంగారిదే అనుకుందాం. మేడంగారు లేరు. మీరు ఆవిడ భర్త. ఆవిడది మీది కాకుండా పోతుందా? సంతకం పెట్టేస్తే ఎవరికీ నష్టం లేదు.”

“పోయినవాళ్లు వచ్చి అడగరనా బాబూ?” అంది మరదలు.

“అది కాదమ్మా...”

“ఇద్దరిదీ ఒకటే అయితే పేరు అక్కది వెయ్యి. ఆయనది తీసెయ్యి. ఒకటేగా.”

డైరెక్టరు నా వైపు చూశాడు. ఎటు మాట్లాడితే ఎవరు తిడతారో వాడికి అంతు పట్టడం లేదు. నాకు వాడి మీద జాలి వెయ్యలేదు. నేను ఆ ఇద్దరినీ వినడం మానేశాను. బొమ్మ మెడ కింద నీడ చూస్తున్నాను.

నీడ కోసం వేసిన సన్నగీతలు. పది, పన్నెండు. గబగబా వేసినవి. ఆ రోజు లైటు మీద వెనక నుంచి చూసినప్పుడు అవి కుడివైపుకి వాలి ఉన్నాయి, నావి వాలినట్టే. ఇప్పుడు సరైన వైపు నుంచి చూస్తున్నాను. ఎడమవైపుకి వాలి ఉన్నాయి. అన్నీ. మెడ కింద, మోకాళ్ల వెనక, సూది నీడలో.

“ఇది మీ అక్క గీసింది కాదు,” అన్నాను.

“మళ్లీ మొదలెట్టావా?”

“పెన్సిలు పట్టుకో. ఈ మూల నీడ వెయ్యి.”

“నేను సుద్దతో బట్ట మీద గీసేదాన్ని. కాగితం మీద నాకు...”

“గియ్యి అన్నాను. ఆలోచించకుండా గబగబా.”

విసుక్కుంటూనే గీసింది. గీతలు కుడివైపుకి వాలాయి. పెన్సిలు డైరెక్టరుకి ఇచ్చాను. వాడివీ కుడివైపుకే వాలాయి. నేనూ నాలుగు గీశాను. మూడు చేతులు, మూడూ ఒకే వాలు.

“కుడిచెయ్యి ఇలాగే గీస్తుంది,” అన్నాను. “ఎవరిదైనా సరే. తొందరలో గీసేటప్పుడు చెయ్యి తనకి సులువైన వైపుకే పోతుంది. ముప్ఫై ఏళ్లలో వందమంది చేతులు చూశాను. ఇప్పుడు దాన్ని చూడు.”

ఇద్దరూ వంగి చూశారు. ముందు డైరెక్టరుకి అర్థమైంది.

“ఇవి అటు వాలాయి మాస్టారూ.”

“ఎడమచెయ్యి.”

“మేడంగారు ఎడమచేతి వాటమా?”

“కాదు,” అంది మరదలు నా కంటే ముందు. “అక్కది కుడిచెయ్యే. కత్తెర కుడిచేత్తోనే పట్టేది.” ఒక్క క్షణం ఆగి, “మరెవరు?” అంది.

నాకు తెలుసు. అప్పుడే తెలిసిందని చెప్పలేను, ఎప్పుడు తెలిసిందో చెప్పలేను. ఏడాది నుంచి ఆ బొమ్మని నాలుగు వైపులా గీశాను. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, నవ్వుతూ, ఏడుస్తూ. దాన్ని గీయని రోజు లేదు. ఆ ముఖం ఎవరిదని ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదా? అడిగి మరిచిపోయానా? తెలియదు. అడక్కుండా ఉండడం నాకు బాగా వచ్చు.

మరదలు కాగితం మీదికి ఇంకా వంగింది. ఆమె వేలు ఎడమవైపు చొక్కా చేతి చివర, నల్ల గుండీ మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

“బావా,” అంది. ఆ గొంతు వేరు. “ఈ గుండీ నేనిచ్చిందే.”

“ఏ గుండీ?”

“కోటు గుండీ. నల్లది. మా షాపులోంచి డజను పట్టుకెళ్లింది అక్క. పిల్ల చొక్కాలకి.”

నా కూతురికి అప్పుడు ఏడేళ్లు. ఎడమచేత్తో రాసేది. చెప్పాను. వినలేదు. కొట్టాను. నా ముందు కుడిచేత్తో, నేను తల తిప్పితే ఎడమచేత్తో. మా ఊరి బళ్లో మాస్టారు ఎడమచెయ్యి వాడిన పిల్లాడి వేళ్ల మీద బెత్తంతో కొట్టేవాడు. ఆ పిల్లాడు నెలలో దారికొచ్చాడు. నా కూతురు రాలేదు. చివరికి భార్యకి చెప్పాను. పిల్ల చొక్కాలన్నింటికీ ఎడమచెయ్యి పొడుగు పెట్టి చివర కుట్టెయ్యి. చెయ్యి బయటికి రాకూడదు. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది. మిషను ముందు కూర్చుంది. రెండేళ్లు ఆ చొక్కాలే. రెండేళ్లయ్యేసరికి పిల్ల కుడిచేత్తో రాసింది. నేను గెలిచాననుకున్నాను. కుట్లు విప్పమన్నాను.

ఇదంతా పైకి చెప్పలేదు. మరదలికి తెలుసు. డైరెక్టరుకి అక్కర్లేదు.

“అక్క కుట్టలేదు బావా,” అంది మరదలు. “పైకి కుట్టినట్టు దారం వేసింది. లోపల కాజా తీసి గుండీ పెట్టింది. చిన్న గుండీ అయితే లోపలున్న చెయ్యి విప్పుకోలేదు కదా, అందుకే పెద్దది. నువ్వు గడప దాటగానే పిల్ల విప్పేసుకునేది. సాయంత్రం నీ చెప్పుల చప్పుడు వినబడగానే చెయ్యి లోపలికి లాక్కుని పెట్టేసుకునేది. ఇద్దరూ దాన్నొక ఆటలా ఆడేవాళ్లు. ఎంత తొందరగా పెట్టుకుంటావో చూద్దాం అని అక్క లెక్కపెట్టేది.”

“రెండేళ్లా?”

“రెండేళ్లూ.”

“నీకు తెలుసా?”

“అందరికీ తెలుసు. నీకు తప్ప.”

డైరెక్టరు గోడ మీది గుండీని చూస్తున్నాడు. వాడికి అంతా అర్థం కాలేదు. కొంత అయింది. అది చాలు.

ఆ చేతిలో ఏముందని ఛానల్ వాళ్లు అడిగారు. ఇప్పుడు చెప్పగలను. చెయ్యి ఉంది.

“ఆస్పత్రిలో పక్కన కూర్చున్నది పిల్లే కదా,” అంటోంది మరదలు తనలో తనే. “అక్కకి పొద్దుపోవడానికి గీసిపెట్టేదేమో. దిండు కింద చూసి అక్కదే అనుకున్నాను. దాని చేతి వైపు నేనూ చూడలేదు. మరి ఈ కాగితం నీ కట్టలోకి ఎలా వచ్చింది?”

అది నన్నూ పీకుతున్న ప్రశ్నే. వాడిన వైపు కిందకి, తెల్ల వైపు పైకి. నా పద్ధతి ప్రకారమే ఉంది కాగితం. కట్టలో అన్నింటికంటే పైన ఉంది. ఆస్పత్రి నుంచి ఇంటికి ఎవరు తెచ్చారు? పిల్ల దాచిందా? పిల్ల నా కట్ట ముట్టదు. భార్య పెట్టిందా? పొరపాటున పెట్టిందా, నాకు దొరకాలని పెట్టిందా? దొరికితే నేను తిప్పి చూస్తాననుకుందా? నేను తిప్పి చూడనని ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? ఎటు ఆలోచించినా దారి మధ్యలో తెగిపోతోంది. అడుగుదామంటే మనిషి లేదు. ఉన్నప్పుడు అడగలేదు.

“మాస్టారూ,” అన్నాడు డైరెక్టరు మెల్లగా. సంతకం కాగితం నా ముందు పెట్టాడు. పక్కన పెన్ను. “మూడూ ఇరవై అయింది. మీ ఇంటి విషయాల్లో నేను కల్పించుకోను. కానీ నాకొక మాట చెప్పండి. ఇది సొంత ఊహ అని రాయొచ్చా, రాయకూడదా?”

“ఎవరి సొంతం?” అన్నాను.

“అదే నేనడుగుతున్నది.”

కాగితం చదివాను. మూడు వాక్యాలు. మూడోది, ‘పై విషయాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను.’ ఇప్పటిదాకా నా జీవితంలో ఏ కాగితం మీదా అబద్ధం సంతకం పెట్టలేదు. అబద్ధాలు ఆడలేదని కాదు. ఎవరూ సంతకం అడగలేదు.

“ఎక్కడుంది?” అని మరదల్ని అడిగాను.

ఎవరు అని అడగలేదామె. “కింద. వాచ్‌మన్ దగ్గర.”

“ఇక్కడికొచ్చిందా?”

“బట్టల మూట మోయడానికి వచ్చానంది. మూట నేనొక్కదాన్నే మోయగలను, దానికీ తెలుసు. మూడు రోజులుగా నీ బొమ్మ మా షాపు గోడ మీద ఉంది బావా. దాని ఎదురుగా కూర్చునే కాజాలు కుట్టింది. ఒక్క మాట అనలేదు. నేనే ఇది మీ అమ్మ బొమ్మ కదే అన్నాను. ఔననలేదు, కాదనలేదు. ఇవాళ పొద్దున చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. నేనూ వస్తానంది. ఇక్కడికొచ్చాక పైకి రానంది.”

“ఏం కావాలట?”

“నన్నడుగుతావేం? రెండు అంతస్తులు దిగితే అదే ఉంది.”

ఒరిజినల్ కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఏ వైపు పైకి పట్టుకోవాలో తెలియలేదు. మడవకుండా పక్కన ఆనించి పట్టుకున్నాను.

“మాస్టారూ, సంతకం పెట్టి వెళ్లండి,” అన్నాడు డైరెక్టరు. “లేదా పెట్టనని చెప్పి వెళ్లండి. ఏదో ఒకటి.”

పెన్ను బల్ల మీదే వదిలేశాను. తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

మెట్ల దగ్గర ఎప్పుడూ దుమ్ము, జిగురు వాసన. మొదటి మలుపులో ఆగి కాగితం ఒకసారి చూశాను. నా వైపు. చక్కగా ఉంది. గీతలో వణుకు లేదు, పాదాలు నేలని పట్టుకున్నాయి, ముఖంలో ప్రాణం ఉంది. తిప్పాను. పాదాలు కుదర్లేదు, చెవులు లేవు. అయినా కళ్లు అటువైపే పోతున్నాయి. నాది ఎవరో గీసినట్టుంది. ఇది ఎవరో ఉన్నట్టుంది. ఈ తేడా నాకు ఏడాది ముందు తెలిసి ఉంటే కుళ్లుకునేవాణ్ణి. ఇప్పుడు ఏమనిపిస్తోందో తెలియడం లేదు. కోపమేమో. కోపమైతే ఎవరి మీద?

మెట్లు మళ్లీ దిగాను.

కింద వాచ్‌మన్ బల్ల మీద రిజిస్టరు ఉంటుంది. పైకి వెళ్లేవాళ్లందరూ రాయాలి. పేరు, ఎవరి కోసం, వచ్చిన పని, టైము. ఛానల్ యజమాని వచ్చినా రాయక తప్పదు. ఆ వాచ్‌మన్ అంత ఖచ్చితం.

చివరి మలుపు నుంచి నాకు ముందు వీపు కనబడింది. రెండేళ్లలో కొంచెం చిక్కింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బల్ల మీదికి వంగి రాస్తోంది. పైకి రానన్న మనిషి రిజిస్టరు రాస్తోంది. తొందర తొందరగా, ఎక్కడా ఆగకుండా. నిండా ఇరవై ఆరేళ్లు వచ్చిన ఆడమనిషి. ఎడమచేత్తో రాస్తోంది.

ఎంత బాగా రాస్తోందో చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఒక మెట్టు దిగాను.

నా చెప్పులు చప్పుడు చేశాయి.

ఆమె తల తిప్పలేదు. నన్ను చూడలేదు. వీపు మాత్రం బిగుసుకుంది. పెన్ను ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మారింది. ఎడమచెయ్యి చొక్కా చేతిలోపలికి వెళ్లిపోయింది. రెప్పపాటు కూడా పట్టలేదు. వాళ్లమ్మ లెక్కపెట్టి ఉంటే ఒకటి కూడా పూర్తయ్యేది కాదు.

మిగిలిన మెట్లు దిగాను. బల్ల చుట్టూ తిరిగి, వాచ్‌మన్ పక్కన, ఆమెకి ఎదురుగా నిలబడ్డాను. ఆమె రాస్తూనే ఉంది. ఇప్పుడు మెల్లగా, ఒక్కో అక్షరం గీస్తున్నట్టు. నేను నేర్పిన కుడిచేతి రాత.

రిజిస్టరు నాకు తలకిందులుగా ఉంది. అయినా చదవగలను. పేరు అన్న చోట పేరు ఉంది, ఇంటిపేరు లేదు. ఎవరి కోసం అన్న చోట నా పేరు లేదు. గుండీ అని ఉంది. ఈ రెండూ గుండ్రంగా, చక్కగా ఉన్నాయి, ఎడమచేతివి. వచ్చిన పని అన్న చోట అక్షరాలు వంకర పోయాయి.

‘ఇంటికి తీసుకెళ్లడానికి.’

పైన తలుపు తెరుచుకుంది. డైరెక్టరు గొంతు మెట్ల మీదుగా కిందికి వచ్చింది.

“మాస్టారూ! ఛానల్ కారు ముందుగానే సందు మొదట్లోకి వచ్చేసిందట! ఏం చెప్పమంటారు?”

వాచ్‌మన్ రిజిస్టరు తన వైపు తిప్పుకుని వేలు పెట్టి చదివాడు. రెండోసారి చదివాడు. ఆమెని చూశాడు. నన్ను చూశాడు. నా చేతిలో కాగితాన్ని చూశాడు.

“సార్, ఈ అమ్మాయి గుండీ కోసం అని రాసింది,” అన్నాడు. “గుండీ మీ మనిషే కదా? ఏం చెయ్యమంటారు, పంపించెయ్యనా?”

ఆమె అప్పటికీ తల ఎత్తలేదు. పెన్ను కుడిచేతిలోనే ఉంది.